చుక్క దగ్గరే చిక్కు: అడుగులు, అంగుళాలు, గజాలు, లింకుల లెక్క

(సివిల్ డిప్లొమా చివరి ఏడాది విద్యార్థులకు, సైటు సూపర్‌వైజర్లకు చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారం. కూర్చోండి. వెనక వరుస వాళ్లకు బోర్డు కనబడుతోందా? ఇవాళ పనంతా బోర్డు మీదే.

ముందు ఒక అంకె రాస్తున్నాను, చూడండి. 22.10. ప్లాటు వెడల్పు ఇదీ అని కాగితం మీ చేతికిస్తే ఏమని చదువుతారు? మేస్త్రీ అయితే ఇరవై రెండు అడుగుల పది అంగుళాలు అంటాడు. కాలిక్యులేటర్‌లో కొడితే అది ఇరవై రెండు అడుగులూ, ఇంకో అడుగులో పదో వంతూ అనుకుంటుంది. అడుగులో పదో వంతంటే 1.2 అంగుళాలు. కాగితం ఒకటే, అంకె ఒకటే, చదవడంలో మాత్రం 8.8 అంగుళాల తేడా. నేనివాళ చెప్పబోయేదాంట్లో సగం ఈ చుక్క గురించే.

మెట్రిక్ కొలతల చట్టం మనకు 1956లోనే వచ్చింది. సిమెంటు కిలోల్లో వస్తోంది, రాడ్డు మిల్లీమీటర్లలో వస్తోంది. కానీ స్థలం గజాల్లో అమ్ముతున్నారు. గది అడుగుల్లో చెబుతున్నారు. గోడ నాలుగున్నర అంగుళాలా, తొమ్మిదా అని అడుగుతున్నారు. ఆంధ్ర ప్రాంతంలో పొలం పాత ఎఫ్‌ఎంబీ (పొలం సర్వే కొలతల పుస్తకం) తీస్తే కొలతలు లింకుల్లో, అంటే సర్వే గొలుసులో నూరో వంతుల్లో ఉంటాయి. ఇవన్నీ తెలియకుండా మీరు ఒక్క రోజు కూడా సైటులో పని చెయ్యలేరు. అందుకని బాగా నేర్చుకోవాలి, సగం సగం కాదు.

వరుస ఇది. 12 అంగుళాలు ఒక అడుగు. 3 అడుగులు ఒక గజం. 22 గజాలు ఒక గొలుసు, అదే గంటర్ చైన్. 10 గొలుసులు ఒక ఫర్లాంగు. 8 ఫర్లాంగులు ఒక మైలు. పన్నెండు, మూడు, ఇరవై రెండు, పది, ఎనిమిది. ఈ ఐదు అంకెలూ నోటికి వస్తే మిగతావన్నీ అందులోంచే పుడతాయి. పెద్ద కొలత నుంచి చిన్నదానికి దిగేటప్పుడు గుణించాలి, చిన్నదాన్నుంచి పెద్దదానికి ఎక్కేటప్పుడు భాగించాలి. మైలుకు 1760 గజాలు, 5280 అడుగులు, 63,360 అంగుళాలు. ఈ చివరి అంకె గుర్తుంచుకోండి, మ్యాపు దగ్గర పనికొస్తుంది.

ఇప్పుడు చుక్క దగ్గరికి వద్దాం. దస్తావేజులో తూర్పు పడమరలు 32 అడుగుల 10 అంగుళాలు, ఉత్తర దక్షిణాలు 54 అడుగుల 9 అంగుళాలు అని ఉందనుకోండి. తొందరలో ఉన్నవాడు 32.10 ఇంటూ 54.9 కొడతాడు. 1762.29 వస్తుంది. తొమ్మిదితో భాగిస్తే 195.81 చదరపు గజాలు.

సరిగ్గా చేద్దాం. 10 అంగుళాలను 12తో భాగిస్తే 0.8333. కాబట్టి వెడల్పు 32.8333 అడుగులు. 9 అంగుళాలను 12తో భాగిస్తే 0.75. పొడవు 54.75 అడుగులు. రెండూ గుణిస్తే 1797.625 చదరపు అడుగులు. తొమ్మిదితో భాగిస్తే 199.74 గజాలు. తేడా దాదాపు నాలుగు గజాలు. పట్నంలో నాలుగు గజాల ధర ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒకటి గమనించండి. ఈ తప్పు ఎప్పుడూ ఒకే వైపు పోదు. అంగుళాలు ఒకటి నుంచి తొమ్మిది దాకా ఉంటే చుక్క లెక్క కొలతను పెంచుతుంది. 9 అంగుళాలు నిజానికి 0.75 అడుగు, చుక్క లెక్కలో 0.9 అయింది. అంగుళాలు పది, పదకొండు అయితే తగ్గిస్తుంది. 10 అంగుళాలు 0.83 కావాలి, 0.10 అయింది. ఒక పక్క పెరిగి ఇంకో పక్క తగ్గితే మొత్తం దగ్గరదగ్గరగా వచ్చి, సరిగానే ఉందనిపిస్తుంది. అందుకే మొత్తం చూసి తృప్తి పడకూడదు, ఒక్కో కొలతా విడిగా చూసుకోవాలి.

దశాంశాలంటే భయం ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది, నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం. అన్నీ అంగుళాల్లోకి దించెయ్యండి. 32 ఇంటూ 12, దానికి 10 కలిపితే 394. 54 ఇంటూ 12, దానికి 9 కలిపితే 657. గుణిస్తే 2,58,858 చదరపు అంగుళాలు. 144తో భాగిస్తే చదరపు అడుగులు, 1296తో భాగిస్తే చదరపు గజాలు. అదే 199.74. మధ్యలో ఎక్కడా చుక్క లేదు కాబట్టి తప్పుకు చోటు లేదు. వైశాల్యానికి 12, 3 పనికిరావు, వాటి వర్గాలు 144, 9 కావాలి. చదరపు అడుగుల్ని మూడుతో భాగించి గజాలనుకునేవాళ్లు ఇప్పటికీ కనబడుతున్నారు.

కంప్యూటర్‌లో ఎక్సెల్ వాడేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. గడిలో 22.10 అని కొట్టి ఎంటర్ నొక్కగానే చివరి సున్నా ఎగిరిపోయి 22.1 మిగులుతుంది. ఇక అది పది అంగుళాలా, ఒక అంగుళమా అన్నది షీటు చూసి ఎవరూ చెప్పలేరు. పోనీ అని 22-10 కొడితే దాన్ని తేదీ అనుకుని అక్టోబర్ 22 చేసేస్తుంది. కాబట్టి అడుగులకొక గడి, అంగుళాలకొక గడి విడిగా పెట్టండి. మూడో గడిలో అడుగులు ప్లస్ అంగుళాలు బై 12 అని ఫార్ములా రాయండి. నోటు పుస్తకంలో చేత్తో రాసేటప్పుడు చుక్క వద్దు. అడుగుకు ఒక గీత, అంగుళానికి రెండు గీతలు పెట్టండి: 22'10". ఒక అంకె అంగుళం అయితే ముందు సున్నా పెట్టి 22'06" అని రాస్తే ఇంకా మంచిది. అంగుళాలు లేకపోతే 22'00" అని రాయండి. ఖాళీ వదిలితే మరిచిపోయారో, నిజంగా లేవో తర్వాత తెలియదు.

ఇప్పుడు వెనక్కి రావడం, అంటే దశాంశ అడుగుల నుంచి అడుగులు అంగుళాల్లోకి. చుక్కకు ఎడమ పక్క ఉన్నవి అడుగులు. కుడి పక్కది మాత్రమే 12తో గుణించాలి. 22.37 అడుగులు ఉందనుకోండి. 0.37 ఇంటూ 12 అంటే 4.44 అంగుళాలు. ఈ 0.44ను టేపు మీద ఎక్కడ పెడతారు? టేపు మీద దశాంశాలు ఉండవు. అందుకే 0.44ను 8తో గుణించండి, 3.5 వస్తుంది. అంటే మూడున్నర సూతులు. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, వెల్డింగ్ షాపులో, ఇనుము కొట్లో రోజూ వినే మాట. కొలత 22 అడుగుల 4 అంగుళాల మూడున్నర సూతులు.

కాలిక్యులేటర్ లేకుండా నోటితో చేసే పద్ధతి కూడా ఉంది. అడుగుకు 96 సూతులు. అంటే దాదాపు వంద. కాబట్టి అడుగులో నూరో వంతు అంటే ఇంచుమించు ఒక సూత్. పావు అడుగు 3 అంగుళాలు, అర అడుగు 6, ముప్పావు 9. ఈ మూడూ ఖచ్చితం. 0.37లోంచి పావు తీసేస్తే 0.12 మిగిలింది. అది 12 సూతులు, అంటే అంగుళంన్నర. మూడూ ఒకటిన్నర కలిపితే నాలుగున్నర. అసలు జవాబు 4.44. అర సూత్ తేడాలో వచ్చేశాం. కాలిక్యులేటర్ ఇచ్చిన జవాబును సరిచూసుకోడానికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

ఇంకో మెలిక. 22.998 అడుగులుంది. 0.998 ఇంటూ 12 అంటే 11.976. దగ్గరి అంకెకు సవరిస్తే 12. షీటులో 22 అడుగుల 12 అంగుళాలు అని అచ్చవుతుంది. అలాంటి కొలత ఉండదు. ముందు మొత్తాన్ని 96తో గుణించి సూతుల్లోకి దించి, అక్కడ సవరించి, ఆ తర్వాత పైకి ఎక్కండి. 22.998 ఇంటూ 96 అంటే 2207.8. సవరిస్తే 2208. దాన్ని 96తో భాగిస్తే సరిగ్గా 23 అడుగులు. సవరణ ఎప్పుడూ ఒక్కసారే, అదీ అన్నిటికన్నా చిన్న కొలతలో జరగాలి.

మెట్లు చూద్దాం, ఎందుకంటే తప్పు కంటికి కనబడేది అక్కడే. కింది ఫ్లోరింగు నుంచి పై ఫ్లోరింగుకు 10 అడుగుల 6 అంగుళాలు. 126 అంగుళాలు. 18 మెట్లు వేస్తే ఒక్కోటి సరిగ్గా 7 అంగుళాలు. చుక్క పెట్టి 10.6ను 18తో భాగించినవాడికి 0.589 అడుగు, అంటే 7.07 అంగుళాలు వస్తుంది. అర సూత్ తేడానే కదా అని వదిలేస్తాడు. 18 మెట్లెక్కేసరికి అది 1.2 అంగుళాలైంది. చివరి మెట్టు ఏడుకు బదులు 5.87 అంగుళాలే ఉంటుంది. కాలు ఏడుకు అలవాటు పడి పైకెక్కుతుంది, ఆఖరి మెట్టు దగ్గర తడబడుతుంది. పెద్దవాళ్లు పడేది అలాంటి చోటే.

సరే, ఇప్పుడు పొలం దగ్గరికి. 1620లో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషు గణితవేత్త ఈ గొలుసును తీర్చిదిద్దాడు. 66 అడుగుల పొడవు, అందులో 100 లింకులు. క్రికెట్ చూసేవాళ్లకు ఇది తెలిసిన పొడవే, వికెట్ల మధ్య 22 గజాలు అంటే సరిగ్గా ఒక గొలుసు. 66 అడుగుల్ని వంద ముక్కలు చెయ్యడంలో ఉన్న తెలివి ఏమిటంటే, పది చదరపు గొలుసులు సరిగ్గా ఎకరం అవుతాయి. గొలుసు ఇంటూ గొలుసు పది సెంట్లు. 1000 చదరపు లింకులు ఒక సెంటు. 50 లింకుల చదరం, అంటే 33 అడుగుల చదరం, ఒక గుంట. మడి 250 లింకుల పొడవు, 160 లింకుల వెడల్పు ఉంటే 40,000 చదరపు లింకులు. మూడు సున్నాలు కొట్టేస్తే 40 సెంట్లు. 2500తో భాగిస్తే 16 గుంటలు. అడుగుల్లో చేస్తే ఇంత హాయిగా రాదు. 165 ఇంటూ 105.6, అంటే 17,424, దాన్ని మళ్లీ 435.6తో భాగించాలి. జవాబు అదే, శ్రమే ఎక్కువ. అందుకని ఎఫ్‌ఎంబీ లింకుల్లో ఉంటే వైశాల్యం లింకుల్లోనే తీయండి. నేల మీద టేపు పట్టేటప్పుడు మాత్రమే అడుగుల్లోకి మార్చండి.

మార్చడం ఎలా? లింకులను 0.66తో గుణిస్తే అడుగులు. నోటితో అయితే మూడింట రెండు వంతులు తీసుకుని, అందులోంచి నూటికి ఒకటి తగ్గించండి. 300 లింకులకు మూడింట రెండు వంతులు 200, నూటికి ఒకటి తీస్తే 198 అడుగులు. ఇది ఉజ్జాయింపు కాదు, ఖచ్చితమైన జవాబే. గజాలు కావాలంటే 0.22తో గుణించండి, 300 లింకులు 66 గజాలు. ఒక్క లింకు 7.92 అంగుళాలు. దాన్ని ఎనిమిది అంగుళాలుగా తీసుకుంటే గొలుసుకు 8 అంగుళాలు పెరిగిపోతుంది. గట్టు తగాదాలు వచ్చేది అంత తేడాకే.

గొలుసు అనే మాటతోనే ఇంకో ప్రమాదం ఉంది. ఇంజనీర్ల చైన్ ఒకటుంది, 100 అడుగులది. దానికీ వంద లింకులే, కానీ ఒక్కో లింకు ఒక అడుగు. పాత రోడ్డు పనుల ప్లానుల్లో ఇది కనబడుతుంది. మెట్రిక్ గొలుసు 20 మీటర్లది, ఇదింకా మోసం చేస్తుంది. 20 మీటర్లంటే 65 అడుగుల 7.4 అంగుళాలు. గంటర్ గొలుసుకు ఐదు అంగుళాల లోపే తక్కువ. చేతిలో పట్టుకుంటే తేడా తెలియదు. కానీ పది గొలుసులు లాగేసరికి 3 అడుగుల 10 అంగుళాలు పోతుంది. పాత కాగితం పట్టుకుని కొత్త గొలుసుతో హద్దు రాయి వెతికి, రాయి జరిపేశారని పక్క రైతు మీదకు వెళ్లకండి. ముందు మీ గొలుసు ఏ గొలుసో చూసుకోండి.

గ్రామ మ్యాపు సంగతి. పాత గ్రామ పటాలు ఎక్కువగా మైలుకు 16 అంగుళాల స్కేలులో ఉంటాయి. 63,360ని 16తో భాగిస్తే 3960. అందుకే మూల మీద 1:3960 అని కనబడుతుంది. పటం మీద ఒక అంగుళం నేల మీద 330 అడుగులు, అంటే ఐదు గొలుసులు. పటం మీద ఒక చదరపు అంగుళం రెండున్నర ఎకరాలు. ఒక సూత్ 41 అడుగుల 3 అంగుళాలు. అంటే పెన్సిలు గీత మందమే నేల మీద కొన్ని అడుగులు ఆక్రమిస్తుంది. హద్దులు తేల్చడానికి గ్రామ పటం కాదు, ఎఫ్‌ఎంబీ చూడాలి. ఇంకొకటి, జిరాక్సు తీసిన పటం మీద స్కేలు పెట్టకండి. ఎ4 కాగితంలో పట్టడానికి యంత్రం కుదించేసి ఉంటుంది. అయినా 1:3960 అన్న అచ్చు అలాగే ఉంటుంది. పటంలో పొడవు తెలిసిన ఒక గీతను కొలిచి, ఎంత కుదించుకుపోయిందో లెక్క తీసి, అప్పుడు మిగతావి కొలవండి. ఫోన్‌లో తీసిన ఫోటో అయితే అసలు వద్దు, ఒక అంచుకూ ఇంకో అంచుకూ స్కేలే మారిపోతుంది.

టేపు చూపిస్తాను. (టేపు తీసి) చివర ఈ కొక్కెం కొంచెం అటూ ఇటూ కదులుతోంది చూడండి. ఇది వదులైపోలేదు, కావాలనే అలా పెడతారు. కొక్కెం రేకు మందం ఎంతో అంతే కదులుతుంది. బయటి అంచుకు తగిలించి లాగితే బయటికి వస్తుంది, గోడకు ఆనించి నొక్కితే లోపలికి పోతుంది. రెండు రకాలుగానూ కొలత సరిగా ఉండడానికే ఆ ఏర్పాటు. సుత్తితో కొట్టి బిగించేస్తే రెండింటిలో ఒక రకం కొలత ఎప్పటికీ తప్పే.

కొన్ని టేపుల్లో 12 తర్వాత 13, 14 అని అంగుళాలు సాగిపోతాయి. కొన్నింట్లో అడుగు గుర్తు దాటాక మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఒకరు టేపు చదివి యాభై ఎనిమిది అని అరుస్తారు, రెండో వాళ్లు ఐదూ ఎనిమిది అని రాసుకుంటారు. 58 అంగుళాలంటే 4 అడుగుల 10 అంగుళాలు. 5 అడుగుల 8 అంగుళాలంటే 68 అంగుళాలు. కిటికీ చట్రం పది అంగుళాలు పెద్దదై వస్తుంది. చదివేవాళ్లు 'అడుగులు', 'అంగుళాలు' అన్న మాటలు పలికి తీరాలి. రాసుకునేవాళ్లు తిరిగి చదివి వినిపించాలి.

అవును, అడగండి. అమెరికాలో అడుగూ మన అడుగూ ఒకటేనా అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. 1959లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా కలిసి గజాన్ని 0.9144 మీటరుగా స్థిరపరచుకున్నాయి. అంగుళం సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు. మనం వాడేదీ అదే. అమెరికా సర్వేలో మాత్రం పాత సర్వే అడుగు 2022 చివరి దాకా నడిచింది. దానికీ దీనికీ తేడా మైలుకు ఒక సూత్. ఇల్లు కట్టేవాళ్లకు అది లెక్కలోకి రాదు, వందల మైళ్ల దూరం నుంచి లెక్కించే సర్వే నిర్దేశాంకాల్లో అడుగులు తేడా వచ్చేస్తుంది. అక్కడ ఉన్న మనవాళ్లకు చెప్పాల్సింది ఇంకొకటుంది. కట్టెల దుకాణంలో టూ బై ఫోర్ అంటే రెండు ఇంటూ నాలుగు అంగుళాలు కాదు, చిత్రిక పట్టాక ఒకటిన్నర ఇంటూ మూడున్నర. ప్లానులో పేరును కొలతగా వేసుకుంటే ప్రతి పలక దగ్గరా అర అంగుళం పోతుంది.

మన దగ్గర కూడా అలాంటిదొకటి ఉంది. వాస్తు పుస్తకాల్లో అంగుళం అంటే వేలి వెడల్పు. 24 అంగుళాలు ఒక హస్తం, అంటే మూర. మూర ఇంచుమించు అడుగున్నర. ఆ 24ను ఇంచీలనుకుని 2 అడుగులు వేస్తే కొలత మూడో వంతు పెరిగిపోతుంది. పేరు ఒకటే, కొలత వేరు. ఇంటివాళ్లు అలాంటి పుస్తకం తెచ్చి చూపిస్తే ఏ అంగుళమో ముందు వాళ్లతో మాట్లాడి తేల్చుకోండి. అది వాళ్ల నమ్మకం, మన లెక్క తప్పు వల్ల దానికి భంగం రాకూడదు.

ఇక పునాది గీతలకు ముగ్గు పోసేటప్పుడు ఏం చెయ్యాలో చెప్పి ఆపేస్తాను. 36 అడుగులు ఇంటూ 50 అడుగులు, అంటే 200 గజాల ప్లాటు. మూలలు మట్టానికి ఉన్నాయో లేదో క్రాస్, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరం, కొలిచి చూస్తారు. 36 వర్గం 1296, 50 వర్గం 2500, కలిపితే 3796. వర్గమూలం 61.61. ఇక్కడ మళ్లీ మన చుక్క వచ్చింది. అరవై ఒకటి అడుగుల ఆరు అంగుళాలు అని టేపు పడితే, 50 అడుగుల గోడ చివరికి వచ్చేసరికి రెండు అంగుళాలకు పైగా పక్కకు పోతుంది. 0.61ని విప్పండి. అర అడుగు తీస్తే 6 అంగుళాలు. మిగిలిన 0.11 అంటే 11 సూతులు, ఒక అంగుళం మూడు సూతులు. క్రాస్ 61 అడుగుల 7 అంగుళాల 3 సూతులు. ఒక క్రాస్ అంత వచ్చాక ఆగిపోకండి, రెండోది కూడా పట్టండి. రెండూ సమానంగా వచ్చి, రెండూ ఈ అంకెకే వస్తే అప్పుడు మేకు కొట్టించండి.